మోకాలి కీలు మార్పిడి: ఆపరేషన్ తర్వాత తొలి ఆరు వారాలే కీలకం.. ఇంట్లో ఏం చేయాలి?

సొంతూరి నుంచి వచ్చి, మాదాపూర్, కొండాపూర్‌లలో ఉద్యోగం చేసే పిల్లల దగ్గరుండి మోకాలి ఆపరేషన్ చేయించుకునే పెద్దవాళ్లు చాలామందే. ఆసుపత్రిలో ఉండేది కొద్ది రోజులే. ఆ తర్వాత భారమంతా ఇంటిదే. అందరూ ఆఫీసులకు వెళ్లిపోయే ఇళ్లలో వ్యాయామం రేపటికి వాయిదా పడుతూ ఉంటుంది. కీలు బిగుసుకుపోతే ఎంత ఖరీదైన ఇంప్లాంట్ వేసినా ఫలితం తగ్గిపోతుంది.

ఎంత వంగితే ఏ పని?

నేల మీద మామూలుగా నడవడానికి మోకాలు సుమారు 65 డిగ్రీలు వంగాలి. మెట్లకు 80 నుంచి 90, కుర్చీలోంచి సులువుగా లేవడానికి 90కి పైన కావాలి. అందుకే రెండు వారాలకు 90, మూడు నెలలలోపు 110-120 డిగ్రీలు వంగేలా చూస్తారు.

కాలు పూర్తిగా చాపగలగడమూ అంతే ముఖ్యం. హాయిగా ఉందని మోకాలి కింద దిండు పెట్టుకుని పడుకోవద్దు. అలా చేస్తే కాలు వంపుతోనే ఉండిపోవచ్చు. దిండు మడమ కింద ఉండాలి.

ఎప్పుడు ఏం చేయాలి?

* మొదటి రోజు: చాలామందిని అదే రోజు లేదా మర్నాడే వాకర్‌తో నడిపిస్తారు. పాదాన్ని పైకీ కిందకీ ఆడిస్తుంటే రక్తం గడ్డకట్టే ముప్పు తగ్గుతుంది.
* 10-14 రోజులు: కుట్లు తీస్తారు. ఐస్ ప్యాక్‌తో వాపు తగ్గించుకోవాలి. నొప్పి మాత్ర వేసుకున్న అరగంటకు వ్యాయామం చేస్తే తేలిక.
* 6 వారాలు: వాకర్ నుంచి చేతికర్రకు, ఆపై కర్ర లేకుండా. డ్రైవింగ్ డాక్టర్ అనుమతితోనే.
* 3 నెలలు: రోజువారీ పనులు చాలావరకు చేసుకోవచ్చు. వాపు, బిగువు పూర్తిగా తగ్గడానికి ఏడాది పట్టొచ్చు.

మెట్లు ఎక్కేటప్పుడు మంచి కాలు ముందు, దిగేటప్పుడు ఆపరేషన్ కాలు ముందు. ఇంట్లో వెస్ట్రన్ టాయిలెట్, బాత్రూంలో పట్టుకునే రాడ్ తప్పనిసరి. బాసింపట్టు వేసుకోవడం, గొంతుక్కూర్చోవడం మానుకోవాలి. బయటికెళ్లాలంటే మాదాపూర్, దుర్గం చెరువు మెట్రో స్టేషన్లలో లిఫ్టులున్నాయి.

వెంటనే ఆసుపత్రికి ఎప్పుడు?

పిక్కలో నొప్పి, వాపు వచ్చినా, గాయం నుంచి చీము కారినా, జ్వరం తగ్గకపోయినా ఆలస్యం చేయొద్దు. ఆయాసం, ఛాతీ నొప్పి వస్తే 108కి ఫోన్ చేయాలి. ఆరు వారాలైనా మోకాలు 90 డిగ్రీలు వంగకపోతే సర్జన్‌ను కలవాలి. మత్తు ఇచ్చి కీలును వంచే చికిత్స మొదటి మూడు నెలల్లో చేస్తేనే ఎక్కువగా పనిచేస్తుంది.

ఖర్చు సంగతేంటి?

మోకాలి ఇంప్లాంట్ల ధరలకు కేంద్రం 2017 ఆగస్టులో పరిమితి విధించింది. ఎక్కువగా వాడే కోబాల్ట్ క్రోమియం రకానికి అప్పట్లో జీఎస్టీ కాకుండా రూ.54,720గా నిర్ణయించింది. బిల్లులో ఇంప్లాంట్ ధర విడిగా చూపించమని అడగండి. తెలంగాణలో ఆరోగ్యశ్రీ పరిమితి 2023 డిసెంబర్ నుంచి రూ.10 లక్షలు. మీ కార్డుకు ఈ ఆపరేషన్ ఏ ఆసుపత్రిలో వర్తిస్తుందో 104లో లేదా ఆరోగ్యమిత్ర దగ్గర ముందే కనుక్కోండి. ప్రైవేటు బీమాలో వెయిటింగ్ పీరియడ్ ఉందా, ఇంటికొచ్చి చేసే ఫిజియోథెరపీకి డబ్బులిస్తారా అన్నదీ చూసుకోవాలి.

ఆపరేషన్ తేదీ ఖరారు చేసుకునే ముందే తొలి రెండు వారాలు పగటిపూట ఇంట్లో ఎవరుంటారో తేల్చుకోండి. ఫిజియోథెరపిస్ట్ వచ్చేది రోజుకు ఒక గంటే. మిగతా పూటల వ్యాయామం గుర్తుచేసి చేయించాల్సింది ఇంట్లోవాళ్లే.