ఒకే యంత్రం, పలు ల్యాబులు: ఫ్లో సైటోమీటర్ స్థాయి పెరిగితే బీదర్‌కు లాభమేమిటి?

రక్త క్యాన్సర్ అనుమానం అని డాక్టరు అనగానే మన బీదర్ తెలుగు కుటుంబాలు హైదరాబాద్ బస్సెక్కుతాయి. 1956 నవంబరు 1న జిల్లా మైసూరు రాష్ట్రంలో కలిసినా ఈ దారి మారలేదు. ఆ అనుమానాన్ని తేల్చే ముఖ్య పరీక్షల్లో ఒకటి ఫ్లో సైటోమెట్రీ. విశ్వవిద్యాలయ పరిశోధనకూ అదే ఆధారం.

ఎలా పనిచేస్తుంది?

కణాలకు మెరిసే రంగులున్న యాంటీబాడీలను అంటిస్తారు. వాటిని ద్రవంలో చీమల బారులా ఒకదాని వెనుక ఒకటిగా లేజర్ ముందు నుంచి పంపుతారు. కణం పరిమాణం, లోపలి తీరు, రంగు నమోదవుతాయి. సెకనుకు వేల కణాలు! హెచ్‌ఐవీ రోగుల సీడీ4 లెక్క ఇలా తీసేదే.

పాడి రైతుకేం సంబంధం?

కర్ణాటక పశువైద్య, పశు, మత్స్య విజ్ఞాన విశ్వవిద్యాలయం కేంద్రం మన బీదరే. దేవణి పశువులు మన ప్రాంతపు సొత్తు. కోడె వీర్యంలో ఎక్స్ కణాల్లో డీఎన్‌ఏ వై కణాల కంటే దాదాపు 4 శాతం ఎక్కువ. ఆ తేడాను పట్టి కణాలను వేరుచేసే ప్రత్యేక యంత్రాలూ ఈ కోవవే. అలా వేరుచేసిన వీర్యంతో సుమారు 90 శాతం పెయ్యదూడలే పుడతాయి.

స్థాయి పెంచడమంటే?

లేజర్లు, డిటెక్టర్లు పెరిగితే ఒకే గొట్టంలో ఎక్కువ రంగులు చూడవచ్చు. నమూనాను ముక్కలు చేయనక్కర్లేదు. పసిపిల్లల రక్తం కొద్దిగానే దొరుకుతుంది కాబట్టి ఇది చిన్న విషయం కాదు. పైగా బతికున్న కణాలు ఎక్కువసేపు నిలవవు. యంత్రం దగ్గరుంటే ఫలితం నమ్మదగినది.

ఇంత ఖరీదైన యంత్రం ప్రతి విభాగానికీ వేరుగా కొనడం దండగ. పశువైద్య విశ్వవిద్యాలయం, బ్రిమ్స్ వంటి సంస్థలు పరిశోధనకు ఒకటి పంచుకోవడం మేలు. అయితే రోగులకు రిపోర్టులిచ్చే యంత్రం వేరుగా ఉండాలి.

కొన్నాక అసలు పని మొదలవుతుంది. శిక్షణ పొందిన ఆపరేటరు, ఏటా మరమ్మతు ఒప్పందం, నిలకడైన కరెంటు, అందరికీ ఒకే తీరు బుకింగ్ కావాలి. ఇవి లేకపోతే కొత్త యంత్రమైనా గుడ్డ కప్పుకుని మూల కూర్చుంటుంది.

అంతవరకు మన పరిశోధక విద్యార్థులకు ఒక దారి ఉంది. 2020 జనవరిలో బెంగళూరులో ప్రారంభమైన ఐ-స్టెమ్ పోర్టల్‌లో దేశంలోని పరికరాలు ఎక్కడున్నాయో వెతికి, వాడుకోవడానికి సమయం అడగవచ్చు. ఇంట్లో బయాలజీ చదివే పిల్లలుంటే ఈ మాట వారి చెవిన వేయండి.