ఊపిరిలోని కార్బన్ ఎక్కడికి పోతుంది?

మా ఓపీకి నెలనెలా వచ్చే పెద్దాయన ఒకరున్నారు. బొగ్గు బావిలో పనిచేసి రిటైరయ్యారు. ఆయాసానికి ఇన్‌హేలర్ వాడతారు. మొన్న మందులు రాయించుకుని లేస్తూ, ‘‘సార్, మనం ఇడిసే గాలితోనే భూమి ఏడెక్కుతుందట గదా, మా మనుమడు చెప్పిండు. నాకైతే దమ్ము, అందరికంటే ఎక్కువే ఇడుస్త. మరి నాదే తప్పు ఎక్కువనా?’’ అని అడిగారు. నవ్వొచ్చింది గానీ ప్రశ్న మంచిదే. బయట క్యూ ఉంది కాబట్టి ఆయనకు రెండు మాటల్లో చెప్పి పంపాను. మీకు కాస్త వివరంగా చెబుతాను.

మన ఒంటి బరువులో దాదాపు 18 శాతం కార్బనే. అరవై కిలోల మనిషిలో పది, పదకొండు కిలోలన్నమాట. అదంతా తిండి నుంచి వచ్చిందే. వరి మొక్క గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌ను తీసుకుని, ఎండ సాయంతో పిండిపదార్థంగా మారుస్తుంది. మనం అన్నం తిని, ఆ పిండిపదార్థాన్ని ఒంట్లో నెమ్మదిగా మండించుకుంటాం. అప్పుడు పుట్టే కార్బన్ డయాక్సైడ్ రక్తంతో పాటు ఊపిరితిత్తులకు చేరి బయటికి పోతుంది. ఇలా ఒక్కో మనిషి రోజుకు వదిలేది సుమారు ఒక కిలో. బరువు తగ్గాలనుకునేవారికి ఇక్కడో ముచ్చట. కరిగిన కొవ్వు చెమటగా పోతుందని చాలామంది అనుకుంటారు. నిజానికి పది కిలోల కొవ్వు కరిగితే ఎనిమిది కిలోలకు పైగా కార్బన్ డయాక్సైడ్‌గా మారి ఊపిరితోనే పోతుంది. మిగతాది నీరవుతుంది.

పెద్దాయన వదిలే ఊపిరి, నిరుడో మొన్నటి పంటలోనో వరి మొక్క గాలి నుంచి తీసుకున్నదే. చేబదులు తీసుకుని పంట చేతికి రాగానే తీర్చేసినట్టు. దానివల్ల గాలిలో లెక్క పెరగదు.

పాతిక కోట్ల ఏళ్ల నాటి మూట

ఆయన తవ్విన బొగ్గు సంగతి వేరు. గోదావరి లోయలోని సింగరేణి బొగ్గు పాతిక కోట్ల ఏళ్లకు పైబడిన అడవులది. ఆ చెట్లు అప్పటి గాలి నుంచి తీసుకున్న కార్బన్ మట్టి కింద మూటగట్టినట్టు ఉండిపోయింది. పెట్రోలు, డీజిలు కూడా ఇలా భూమిలో దాగిన పాత కార్బనే. ఈ మూటలను మనం రెండు మూడు వందల ఏళ్లలో విప్పేస్తున్నాం. ఇప్పుడు బొగ్గు, చమురు, గ్యాస్ మండించి ప్రపంచమంతా ఏడాదికి వదులుతున్న కార్బన్ డయాక్సైడ్ 3,500 కోట్ల టన్నులకు పైనే. మనుషులు వదిలేదాంట్లో సగానికి పైగా చెట్లు, నేల, సముద్రాలు తీసుకుంటున్నాయి. మిగతాది గాలిలోనే ఉండిపోతోంది. హవాయి దీవిలోని మౌనా లోవా కొండపై 1958లో కొలత మొదలుపెట్టినప్పుడు పది లక్షల పాళ్ల గాలిలో ఇది 315 పాళ్లు ఉండేది. ఇప్పుడు 420 దాటింది.

ఈ మోతాదుకు ఎవరికీ ఊపిరాడకపోవడం ఉండదు. మనం వదిలే గాలిలోనే ఇది 4 శాతం దాకా ఉంటుంది. దెబ్బ వేరే దారుల్లో తగులుతుంది. మొదటిది ఎండ. 2015 వేసవిలో దేశంలో రెండు వేల మందికి పైగా వడగాడ్పులకు చనిపోయారు, వారిలో ఎక్కువమంది మన రెండు తెలుగు రాష్ట్రాల వారే. ఏదో ఒక్క వేసవిని చూపించి ఇది బొగ్గు వల్లేనని నేను చెప్పను. కానీ భూమి సగటు వేడి ఇప్పటికే ఒక డిగ్రీకి పైగా పెరిగింది, అలాంటి రోజులు ఎక్కువవుతున్నాయి. ఎండలో పనిచేసిన మనిషి ఒళ్లు కాలిపోతూ, పొంతన లేకుండా మాట్లాడుతుంటే అది వడదెబ్బే. నీడకు చేర్చి, ఒంటిమీద నీళ్లు పోస్తూ విసురుతూనే 108కి ఫోన్ చేయండి. స్పృహ లేనివారి నోట్లో నీళ్లు పోయకండి. మూత్రం ఎక్కువగా వచ్చే బీపీ మాత్రలు వాడుతుంటే వేసవికి ముందే మీ డాక్టర్‌తో ఒకసారి మాట్లాడండి.

రెండో దారి మన కంచంలోకే వస్తుంది. దీని గురించి ఎవరూ పెద్దగా మాట్లాడరు. గాలిలో కార్బన్ డయాక్సైడ్ పెంచి జపాన్ తదితర దేశాల పొలాల్లో పంటలు పండించి చూశారు. 550 పాళ్ల దగ్గర పండిన బియ్యంలో ఇనుము దాదాపు 5 శాతం, జింకు 3 శాతం, మాంసకృత్తులు 8 శాతం దాకా తగ్గాయని 2014లో ప్రచురించిన ఫలితాలు చెబుతున్నాయి. తక్కువే కదా అనిపించవచ్చు. కానీ తెలంగాణలోనూ, ఆంధ్రప్రదేశ్‌లోనూ సగానికి పైగా మహిళలకు రక్తహీనత ఉంది. మూడు పూటలా అన్నమే తిని, కూర పేరుకు మాత్రం వేసుకునే ఇంట్లో ఆ కాస్త తరుగూ లెక్కలోకి వస్తుంది. కంచంలో పప్పు, ఆకుకూర, గుడ్డు వాటా పెంచడం ఇప్పటినుంచే మొదలుపెట్టవచ్చు.

కొయ్యలు, కుంపట్లు

‘‘అట్లయితే వరి కొయ్యలు కాలవెడితే ఏం గాదు గదా, అది ఈ ఏటి కార్బనే’’ అని పెద్దాయన తెలివిగా మెలిక పెట్టారు. కార్బన్ డయాక్సైడ్ లెక్కలో ఆయన మాట చాలావరకు నిజమే. కానీ గడ్డి పూర్తిగా మండదు. మండగా మిగిలిన మసి రేణువులు వెంట్రుక మందంలో ఇరవయ్యో వంతు కూడా ఉండవు. అవి ఊపిరితిత్తుల లోలోపలికి పోతాయి. ఉబ్బసం ఉన్న పిల్లలను ఆ రోజుల్లో నెబ్యులైజర్ దాకా తెచ్చేది ఇలాంటి పొగే. పైగా నేలలో కలవాల్సిన సేంద్రియ కర్బనం కూడా బూడిదవుతుంది.

అరకొరగా మండితే కార్బన్ మోనాక్సైడ్ కూడా పుడుతుంది. దానికి వాసన ఉండదు, రంగు ఉండదు. ఆక్సిజన్ కంటే రెండు వందల రెట్లు గట్టిగా హిమోగ్లోబిన్‌ను పట్టుకుంటుంది. చలికాలంలో తలుపులు బిగించి, గదిలో బొగ్గుల కుంపటి పెట్టుకుని పడుకున్నవారు నిద్రలోనే పోయేది దీనితోనే. మూసిన గదిలో జనరేటర్ నడిపినా అంతే. వేలికి పెట్టే పల్స్ ఆక్సీమీటర్‌ను ఇక్కడ నమ్మకండి, అది ఈ రెండింటికీ తేడా తెలియక 98 చూపిస్తుంది. ఇంట్లో ఇద్దరు ముగ్గురికి ఒకేసారి తలనొప్పి, వాంతులు మొదలైతే ముందు అందరినీ బయటికి తెండి.

ఇంతకీ పెద్దాయన ఇంట్లో గ్యాస్ పొయ్యి ఉంది. కానీ స్నానానికి నీళ్లు వాకిట్లో కట్టెల మీదే కాగుతాయి. పొద్దున్నే ఆ పొయ్యి పక్కనే కూర్చుని చలి కాచుకుంటారట. మానేయమన్నాను. ‘‘అది కష్టం సార్’’ అన్నారు. కనీసం పొగ వచ్చే వైపు కాకుండా అవతల, నాలుగడుగులు ఎడంగా కూర్చోమన్నాను. ఇన్‌హేలర్ మోతాదు ఈసారికి మార్చలేదు. వచ్చే నెల చూడాలి.