తొమ్మిది కిలోలు ఎక్కడి నుంచి వచ్చాయి?

హాస్టల్‌లో చేరిన రోజు నా బరువు 54 కిలోలు. ఫస్టియర్ అయ్యేసరికి 63. వేసవి సెలవులకి ఇంటికెళ్తే పెద్దమ్మ గుమ్మంలోనే ఆపి, "బాగా ఒళ్ళు చేశావే! హాస్టల్ తిండి వంటికి పట్టిందన్నమాట" అంది. ఆవిడ సంతోషంగానే అంది పాపం. నాకు మాత్రం ఆ మాట సెలవులన్నాళ్ళూ చెవిలో మోగింది. దాంతో నేను చేసిన తెలివితక్కువ పని గురించీ, ఆ తర్వాత కూర్చుని వేసుకున్న లెక్క గురించీ రాస్తున్నాను. డైట్ చార్ట్ దొరుకుతుందని వచ్చినవాళ్ళకి ముందే సారీ.

సెకండియర్ మొదలవగానే డైట్ మొదలుపెట్టాను. పొద్దున బ్లాక్ కాఫీ, మధ్యాహ్నం రెండు చపాతీలు కొంచెం కూర, రాత్రి ఒక ఆపిల్. మధ్యలో నీరసం వస్తే మజ్జిగ. అంతా కలిపినా రోజుకి 900 కేలరీలు దాటేది కాదు. మొదటి వారంలోనే రెండున్నర కిలోలు తగ్గాను. రూమ్మేట్స్‌కి స్క్రీన్‌షాట్లు పెట్టాను, స్టేటస్ పెట్టాను, ఇంకా చాలా చేశాను. అవన్నీ ఇక్కడ రాయను.

ఆ రెండున్నర కిలోలూ కొవ్వు కాదని అప్పుడు తెలీదు. లెక్క చాలా చిన్నది. ఒక కిలో కొవ్వు కరగాలంటే దాదాపు 7,700 కేలరీల లోటు రావాలి. రెండున్నర కిలోలకి 19,250. ఏడు రోజులతో భాగిస్తే రోజుకి 2,750. నా శరీరం రోజంతా ఖర్చుపెట్టేదే సుమారు 1,900. అంటే పచ్చి మంచినీళ్ళు కూడా ముట్టకుండా ఉన్నా అంత లోటు రాదు. మరి తగ్గిందేమిటి? ఎక్కువ భాగం నీళ్ళు. మనం తిన్న అన్నంలోంచి కొంత గ్లైకోజెన్‌గా మారి కాలేయంలోనూ కండరాల్లోనూ నిల్వ ఉంటుంది, మొత్తం అరకిలో దాకా. ప్రతి గ్రామూ తనతో పాటు మూడు గ్రాముల నీళ్ళని పట్టుకుని ఉంటుంది. అన్నం మానేయగానే ఆ నిల్వ ఖాళీ అవుతుంది, నీళ్ళు పోతాయి, మెషీన్ మీద అంకె పడిపోతుంది. "వారంలో మూడు కిలోలు" అనే ప్రతి వీడియో వెనకా ఉన్న మేజిక్ ఇదే. మళ్ళీ రెండు రోజులు అన్నం తినండి, ఆ అంకె తిరిగొస్తుంది.

ఐదో వారానికి 57కి వచ్చాను. అదే వారం మెషీన్స్ ల్యాబ్‌లో, మోటారు మీద లోడ్ టెస్ట్ నడుస్తుండగా, కళ్ళు తిరిగి బెంచి మీద పడ్డాను. పక్కనున్న బ్యాచ్‌మేట్ వెంటనే సప్లై ఆపేసింది. ఇంకో అడుగు అటు పడి ఉంటే ఏమయ్యేదో ఈఈఈ వాళ్ళకి చెప్పక్కర్లేదు. అప్పటికే రెండు నెలలుగా నెలసరి రాలేదు. ఆ సంగతి అమ్మకి కూడా చెప్పలేదు. ఇంటికి తీసుకెళ్ళి రక్తపరీక్ష చేయిస్తే హిమోగ్లోబిన్ 9.2. ఆడవాళ్ళకి కనీసం 12 ఉండాలి. డాక్టరుగారు రిపోర్టు చూసి, "చదువుకునే పిల్లవి, తిండి మానేస్తే బుర్ర ఎట్లా పనిచేస్తుందమ్మా?" అన్నారు. నేను ఏడ్చేశాను.

ఇది నా ఒక్కదాని గొడవ అనుకోకండి. 2019-21లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో 15 నుంచి 49 ఏళ్ళ మధ్య ఆడవాళ్ళలో 57 శాతం మందికి రక్తహీనత ఉంది. అంటే మన హాస్టల్లో డైట్ మొదలుపెట్టే అమ్మాయిల్లో చాలామంది అప్పటికే అరువు మీద నడుస్తున్నారన్నమాట.

ఇంటి దగ్గర పడుకుని ఉన్నప్పుడు మిన్నెసోటా ప్రయోగం గురించి చదివాను. రెండో ప్రపంచయుద్ధం చివర్లో, 1944-45లో, ఆన్సెల్ కీస్ అనే శాస్త్రవేత్త ఆరోగ్యంగా ఉన్న 36 మంది యువకులకి ఆరు నెలలపాటు సగం తిండి పెట్టి చూశాడు. యుద్ధం వల్ల ఆకలితో అలమటిస్తున్నవాళ్ళకి తిరిగి తిండి ఎలా అలవాటు చేయాలో తెలుసుకోవడానికి చేసిన ప్రయోగం అది. ఆ కుర్రాళ్ళకి ఆకలి తప్ప వేరే ఆలోచన లేకుండా పోయింది. వంటల పుస్తకాలు ముందేసుకుని చదివేవాళ్ళట, పళ్ళేలు నాకేవాళ్ళట. ఆంక్షలు ఎత్తేశాక ఎంత తిన్నా తృప్తి లేక తింటూనే ఉన్నారు, పోయిన కొవ్వు కంటే ఎక్కువే తిరిగొచ్చింది. వాళ్ళకి పెట్టింది రోజుకి దాదాపు 1,570 కేలరీలు. నేను తిన్నది 900! డైట్ చేసిన ఐదు వారాలూ రాత్రి ఒంటిగంట దాకా దుప్పట్లో గోంగూర మటన్ వీడియోలు ఎందుకు చూశానో అప్పుడర్థమైంది. కంట్రోల్ సిస్టమ్స్‌లో మనం చదివే ఫీడ్‌బ్యాక్ లూపే ఇది. ఇన్‌పుట్ బాగా తగ్గిస్తే లోపలి సిస్టమ్ ఊరుకోదు, ఆకలి పెంచుతుంది, ఖర్చు తగ్గిస్తుంది. డిసెంబరుకి నేను 65.

అప్పుడు రెండో లెక్క వేశాను. ఫస్టియర్‌లో పెరిగింది తొమ్మిది కిలోలు, అంటే 69,300 కేలరీలు. పది నెలలతో భాగిస్తే రోజుకి సుమారు 230. (ఇది ముతక లెక్కే. శరీరం కాలిక్యులేటర్ కాదు.) 230 అంటే ఎంత? యాభై గ్రాముల బిస్కెట్ ప్యాకెట్ ఒకటి. నేనేదో తిండిబోతునై విపరీతంగా తినేశాననుకుని సిగ్గుపడ్డాను గానీ, నన్ను 63కి చేర్చింది రోజూ రాత్రి చదువుకుంటూ తిన్న ఒక్క బిస్కెట్ ప్యాకెట్ అంత తేడా! మరి దాన్ని సరిచేయడానికి ఆపిల్ మీద బతకడం ఎందుకు?

తప్పు ఎక్కడ జరుగుతోందో చూస్తే, మొదటిది టైమింగ్. మెస్‌లో రాత్రి భోజనం ఏడున్నరకి. మనం పడుకునేది ఒంటిగంటకి. మధ్యలో ఐదారు గంటలు. పదకొండింటికి ఆకలి వేయడం బలహీనత కాదు, అది మామూలు ఆకలే. ఆ టైములో చేతికందేవి నూడుల్స్, బిస్కెట్లు, కూల్‌డ్రింకు. 300 మి.లీ. కూల్‌డ్రింకులో ముప్ఫై గ్రాముల దాకా చక్కెర ఉంటుంది. నిద్ర తక్కువైతే మర్నాడు ఆకలి ఇంకా పెరుగుతుంది, అది వేరే కథ.

రెండోది ప్లేటు. మన తార్నాకలో ఉన్న జాతీయ పోషకాహార సంస్థ 2024లో భారతీయుల కోసం ఆహార మార్గదర్శకాలు విడుదల చేసింది. వాళ్ళు గీసిన ప్లేటులో సగం కూరగాయలూ పండ్లే. నా ప్లేటులో ముప్పావు వంతు అన్నం, ఒక పక్క చెంచాడు కూర, మీద సాంబారు. మాంసకృత్తులు కిలో బరువుకి రోజుకి 0.83 గ్రాములు కావాలి, అంటే నాకు యాభై గ్రాముల పైనే. మెస్ పప్పులో పప్పు కోసం వెతుక్కోవాలి కాబట్టి, మధ్యాహ్నానికి నాకు అందులో పావు వంతు కూడా అందేది కాదు. కడుపు నిండేది, రెండు గంటల్లో మళ్ళీ ఆకలేసేది.

నేను మార్చుకున్నవి చాలా మామూలువి. అన్నం మానలేదు, ఒక హస్తం తగ్గించాను. వడ్డించే అక్కతో మంచిగా ఉండి, పప్పు గిన్నె అడుగు నుంచి తిప్పి వేయమని అడుగుతాను. పప్పూ కూరా ముందు కొంచెం తిని అప్పుడు అన్నంలోకి వెళ్తాను. గుడ్డు ఇచ్చే రోజుల్లో వదలను, ఒక్కో గుడ్డులో ఆరు గ్రాముల ప్రొటీన్ ఉంటుంది. రాత్రి ఆకలికి గదిలో పుట్నాల డబ్బా, అరటిపండు. పుట్నాలు గుప్పెడు తింటే ఆకలి నిజంగా ఆగుతుంది. భోజనం కాగానే టీ తాగడం మానేశాను, అది తిండిలోని ఇనుమును ఒంటికి పట్టనివ్వదు. బదులుగా పప్పులో నిమ్మకాయ పిండుకుంటాను, అది పట్టేలా చేస్తుంది. అమ్మతో ఫోన్ మాట్లాడేది గ్రౌండ్ చుట్టూ నడుస్తూ. అమ్మ ఎంతసేపు మాట్లాడుతుందో అంత వాకింగ్. ఇప్పటిదాకా ఎప్పుడూ ముప్పావుగంటకి తగ్గలేదు.

పదమూడు నెలలు పట్టింది. నెలకి అరకిలో చొప్పున 58.5కి వచ్చాను. నా ఎత్తుకి బీఎంఐ 23.4. మనవాళ్ళకి 23 దాటితే అధిక బరువు కిందే లెక్క కాబట్టి, కాగితం మీద నేనింకా లావే. ఫర్వాలేదు. హిమోగ్లోబిన్ 12.1 అయింది, నెలసరి క్రమంగా వస్తోంది, ల్యాబ్‌లో గంటన్నర నిలబడగలుగుతున్నాను. థైరాయిడ్, పీసీఓడీ లాంటివి ఉన్నవాళ్ళు నా లెక్కలు పక్కనపెట్టి డాక్టర్ని కలవండి. తిన్నాక వాంతి చేసుకోవడం, తిండంటేనే భయపడటం దాకా వచ్చినవాళ్ళు ఇవాళే ఎవరికైనా చెప్పండి. నాలాగా దాచకండి.

ఇంకో సంగతి. సాయంత్రం స్నాక్స్‌లో వారానికి రెండు రోజులు మిర్చి బజ్జీ బదులు సెనగ గుగ్గిళ్ళు పెట్టమని మెస్ కమిటీకి అర్జీ రాశాం. ఖర్చు కూడా ఎక్కువ కాదని కందిపప్పు, సెనగలు, నూనె ధరలు వేసి చూపించాం. ఇప్పటిదాకా 43 సంతకాలు వచ్చాయి. బజ్జీ పార్టీ వాళ్ళు గట్టిగానే వ్యతిరేకిస్తున్నారు, వాళ్ళ బాధ నాకు తెలుసు, మిగతా రోజుల్లో బజ్జీ ఉంటుందని మాటిచ్చాం. కాగితం బాలికల హాస్టల్ రెండో అంతస్తులో, నీళ్ళ ఫిల్టర్ పక్కన అంటించి ఉంది. పెన్ను దారంతో కట్టి ఉంచాం.