అలుగును కాపాడుకుందాం



అలుగు అంటే మీకేం గుర్తుకొస్తుంది? చెరువు నిండితే అలుగు పారుతుంది. మన అనంతపురం సీమలో అది అరుదుగా చూసే సంబరం. అదే పేరుతో ఒక జంతువు కూడా ఉంది. అది కనబడటం ఇంకా అరుదు.

అలుగు మన రాయలసీమ గుట్టల్లో ఉంటుంది. శేషాచలం, నల్లమల అడవుల్లోనూ ఉంటుంది. తోకతో కలిపి మూడడుగుల పైనే ఉంటుంది. ఒంటి నిండా పొలుసులు. ఇంటి పెంకుల్లాగా ఒకదానిమీద ఒకటి పేర్చినట్టుంటాయి. చూసినవాళ్ళు బల్లి జాతి అనుకుంటారు. కాదు. అది పిల్లను కని పాలిచ్చే జంతువు.

అలుగు గోళ్ళతో నేల తవ్వి బొరియ చేసుకుంటుంది. పగలు అందులో పడుకుంటుంది. రాత్రి మేతకు పోతుంది. దానికి పళ్ళు లేవు. పుట్టను తవ్వి, జిగురు నాలుకతో చీమలను, చెదలను నాకి తింటుంది.

వాన లేని ఏడు శెనక్కాయ చేనుకు చెదలు పడితే ఎంత నష్టమో మనకు తెలుసు. ఆ చెదలను తినే అలుగు మనకు మేలు చేసేదే కదా!

అలుగు సాధారణంగా ఒక కాన్పుకు ఒక్క పిల్లనే కంటుంది. పిల్ల తల్లి తోక మీదెక్కి తిరుగుతుంది. భయమేస్తే తల్లి పిల్లను పొట్టలో దాచుకుని బంతిలా చుట్టుకుంటుంది. అప్పుడు చిరుతపులి కూడా దాన్ని విప్పడం కష్టం. కానీ మనిషి ఆ బంతిని ఎత్తి గోతంలో వేసుకుంటాడు. తల్లి పోతే పాలు తాగే పిల్లా దక్కదు.

ఎందుకు పడతారు? పొలుసుల్లో మందు ఉందని చైనా, వియత్నాం వంటి దేశాల్లో కొందరి నమ్మకం. నిజానికి పొలుసూ మన గోరూ ఒకటే పదార్థం. గోరు తింటే రోగం పోతుందా?

2016లో చాలా దేశాలు కలిసి, దేశాల మధ్య అలుగుల వ్యాపారం ఆపాలని తీర్మానించాయి. మన దేశంలో 1972 నాటి వన్యప్రాణి చట్టం ఉంది. పులిని చంపితే ఎంత నేరమో అలుగును చంపినా అంతే. 3 నుంచి 7 ఏళ్ళ జైలు.

"అలుగును పట్టిస్తే వేలిస్తాం" అని ఊళ్ళోకి ఎవరైనా రావచ్చు. నమ్మవద్దు. డబ్బు వాళ్ళకు, జైలు మనకు.

కట్టెలకు పోయినప్పుడు, మేకలు మేపేటప్పుడు అలుగు కనబడితే ముట్టుకోకండి. దాని దారిన పోనివ్వండి. గాయపడినా, బావిలో పడినా అటవీశాఖ వారికి చెప్పండి. వారి నంబరు తెలియకపోతే 112కు ఫోను చేయండి.

సంఘంలో మాట్లాడుకోండి:
మీ ఊళ్ళో ఎవరైనా అలుగును చూశారా? ఎప్పుడు, ఎక్కడ?