ఒడ్డుకెక్కినా ఉప్పుగాలి విడవని ‘కురుసుర’

విశాఖపట్నం: చోడవరం, నర్సీపట్నం, పాడేరు వైపుల నుంచి విశాఖ చూడవచ్చినవారిలో చాలామంది రామకృష్ణా బీచ్‌లో నిలబెట్టిన ‘కురుసుర’ జలాంతర్గామిని చూడనిదే తిరుగు బస్సెక్కరు. టిక్కెట్టు కొని, మెట్లెక్కి, పక్కనున్న తలుపులోంచి లోపలికి వెళతారు. ఆ తలుపు సోవియట్ యూనియన్‌లో దీన్ని కట్టినవారు పెట్టినది కాదు. సందర్శకుల కోసం తరువాత ఉక్కు గోడను కోసి పెట్టినది. నావికులు పైనున్న ఇరుకు మూతల్లోంచి నిచ్చెన పట్టుకుని దిగేవారు.

పాత యుద్ధ సామగ్రిని దాచదలచిన వారందరికీ ఎదురయ్యే చిక్కే ఇది. తయారైన నాటి రూపానికి తేవాలా, పని మానిన నాటి రూపంలోనే ఉంచాలా? పాత సైనిక తుపాకీ సంగతైనా అంతే. చెక్కను గీకి, ఇనుముకు కొత్త మెరుగు పెడితే చూపుకు బాగానే ఉంటుంది. దాని మీది ముద్రలు, నంబర్లు, సిపాయి చేతి అరుగుదల మాత్రం పోతాయి. అవి మళ్ళీ రావు.

కురుసుర విషయంలో ‘అసలు రూపం’ ఏదో తేల్చడమే కష్టం. 1969 డిసెంబర్ 18న నౌకాదళంలో చేరింది. 1971 యుద్ధ సమయంలో అరేబియా సముద్రంలో గస్తీ తిరిగింది. తరువాత విడిభాగాల కొరత వచ్చింది. దీని భాగాలు తీసి తోటి జలాంతర్గాములకు అమర్చారు. కొన్నేళ్ళు మూలనపడి, 1980–82 మధ్య పెద్ద మరమ్మతు జరిగాక మళ్ళీ నీటికెక్కింది. 2001 ఫిబ్రవరి 27న విధుల నుంచి తప్పుకునేనాటికి 31 ఏళ్ళు నిండాయి. 1969 నాటి స్థితికి తెస్తామంటే ఆ మధ్య కథంతా చెరిపివేసినట్టే.

అందుకే లోపలి యంత్రాలు, కొలత గడియారాలు, గొట్టాలు, టార్పెడోల గది, ఒకదానిపై ఒకటిగా ఉన్న ఇరుకు పడకలు చాలావరకు ఉన్నవి ఉన్నట్టే ఉంచారు. నావికుల బొమ్మలు నిలబెట్టారు. అది మంచి నిర్ణయమే. గోడ కోయడాన్ని కూడా తప్పుపట్టలేము. చీర కట్టుకున్న ముసలమ్మ నిలువు నిచ్చెన ఎలా దిగుతుంది?

సుమారు 91 మీటర్ల పొడవున్న ఈ ఉక్కు శరీరాన్ని ఒడ్డుకు చేర్చి ప్రదర్శనశాలగా మార్చడానికి దాదాపు 5.5 కోట్ల రూపాయలు ఖర్చయింది. 2002 ఆగస్టు 9న అప్పటి ముఖ్యమంత్రి చంద్రబాబు నాయుడు ప్రారంభించారు. అక్కడితో పని తీరిపోలేదు. నీటిలో ఉన్నప్పుడు రేవులో చూసుకునేవారుండేవారు. ఒడ్డున రేయింబవళ్ళు ఉప్పుగాలే. 2007 డిసెంబర్‌లో అడుగు అంచున తుప్పు తిన్న రేకులు తీసి కొత్తవి వేయవలసి వచ్చింది. ఉక్కు నగరంలో రేకుకు కొదవేమిటి గానీ, ఎంత తీయాలి, ఎక్కడ ఆపాలి అన్నదే ప్రశ్న. తాతగారి గొడ్డలికి పిడి మూడుసార్లు మార్చినా ఇంట్లో అది తాతగారి గొడ్డలే. మొన పోతే మాత్రం ఆ మాట అనలేము.

ఏ రేకూ మార్చనక్కరలేదని ఊరుకుంటే ఏమవుతుందో బొంబాయి చూసింది. 1971 యుద్ధంలో బంగాళాఖాతాన విమానాలు ఎగరేసిన ‘విక్రాంత్’ నౌక కొన్నేళ్ళు అక్కడ ప్రదర్శనశాలగా ఉంది. పొట్టు బలహీనపడి 2012లో మూతపడింది. 2014లో అమ్ముడై పాత ఇనుముగా ముక్కలైంది. విక్రాంత్‌ను వెతుక్కుంటూ వచ్చిన పాకిస్తాన్ జలాంతర్గామి ‘ఘాజీ’ మునిగింది విశాఖ తీరంలోనే.

ఇప్పటికీ కురుసుర లోపల నౌకాదళంలో పనిచేసి విరమించినవారే దారి చూపి చెబుతుంటారు. ఎక్కడ వంట చేసేవారో, నీటి అడుగున ఉన్నప్పుడు స్నానానికి నీళ్ళెందుకు ఉండేవి కావో అడిగితే, మీటలన్నీ వదిలేసి ముందు ఆ సంగతే చెబుతారు.