నాన్నగారి అంబాసిడర్‌ను ఎప్పుడు అమ్మాలి?

మీలో చాలామంది ఇళ్లలో వాడకుండానూ, వదులుకోకుండానూ ఉంచిన పెద్దల వస్తువు ఒకటైనా ఉండే ఉంటుంది. కుట్టుమిషను కావచ్చు, గోడగడియారం కావచ్చు, ఇత్తడి గంగాళం కావచ్చు. వాటితో బాధలేదు. మూలన పెడితే మూలన ఉంటాయి. కారు అలా కాదు. మూలన పెట్టినా ఖర్చు అడుగుతుంది, కదలకపోతే పాడవుతుంది. మా ఇంట్లో ఒక కారు అయిదేళ్లు అలాగే నిలిచింది. దాన్ని అమ్మాలా వద్దా అని నేను పడిన తర్జనభర్జన చెబితే, ఇదే చిక్కులో ఉన్నవారికి పనికివస్తుందని రాస్తున్నాను.

అది 1984 మోడల్ అంబాసిడర్, మార్క్ 4. మా నాన్నగారు తణుకు దగ్గర ఒక గ్రామంలో హెడ్మాస్టరు. 1993లో ఒక రైసుమిల్లు యజమాని దగ్గర దాన్ని కొన్నారు. మారుతి 800 వచ్చి అప్పటికి పదేళ్లు కావస్తోంది. డబ్బున్నవారు ఒక్కొక్కరే మారుతికి మారుతున్నారు కాబట్టే ఆ అంబాసిడర్ ఒక బడిపంతులికి అందేంత ధరకు దిగివచ్చింది. అప్పుడు నాకు పద్నాలుగేళ్లు. కారు ఇంటికి వచ్చిన సాయంత్రం వీధి వీధంతా మా గుమ్మంలోనే ఉంది.

ఈనాటి పిల్లలకు ఆ బండి సంగతి తెలియకపోవచ్చు. ఇంగ్లండులో తయారైన మారిస్ ఆక్స్‌ఫర్డ్ నమూనాను తీసుకుని, 1957 నుంచి పశ్చిమ బెంగాల్‌లోని ఉత్తర్‌పారాలో హిందుస్థాన్ మోటార్స్ వారు దాన్ని తయారుచేశారు. 2014లో ఆపేశారు. యాభై ఏడేళ్లు పైకి దాదాపు ఒకే ఆకారం! ముందు సీటు ఒకటే పొడవాటి బల్ల, గేరు రాడ్డు స్టీరింగు పక్కన. అందుచేత ముందు ముగ్గురు సుఖంగానూ, నలుగురు సర్దుకునీ కూర్చునేవారు. కాలువగట్టు రోడ్ల మీద గుంతల్లో పడినా లేచినా లెక్కచేసేది కాదు. మా చుట్టుపక్కల ఎంతమంది పెళ్లికూతుళ్లు ఆ కారులో అత్తవారింటికి వెళ్లారో లెక్కలేదు. అర్ధరాత్రి ఎవరికి నొప్పులు వచ్చినా, ఎవరిని పాము కరిచినా మా తలుపే తట్టేవారు. నాన్నగారు కండువా భుజాన వేసుకుని తాళాలు తీసుకునేవారు. పెట్రోలు డబ్బులు ఇచ్చినవారు ఇచ్చారు, లేనివారు లేదు.

2019లో ఆయన ప్రభువునందు నిద్రించారు. పెద్దకొడుకునని కారు నా చేతికి వచ్చింది.

మొదటి ఏడాది గర్వంగానే నడిపాను. తరువాత తరువాత, నిజం చెప్పాలంటే, తప్పించుకోవడం మొదలుపెట్టాను. మూడు ఊళ్ల సంఘాలు చూసుకోవాలి. మోటారు సైకిలు మీద పది నిమిషాల్లో వెళ్లే చోటికి అంబాసిడర్ తీయాలంటే ముందు బానెట్ ఎత్తి నీళ్లు, ఆయిలు చూడాలి, చోక్ లాగాలి, వేడెక్కేదాకా ఆగాలి. సందు తిప్పాలంటే స్టీరింగుతో కుస్తీ పట్టాలి. లీటరుకు తొమ్మిది కిలోమీటర్లు ఇస్తే గొప్ప. వారానికోసారి తీసేది నెలకోసారయింది. ఎవరైనా “అయ్యగారూ, నాన్నగారి బండి బాగుందా?” అని అడిగితే “ఆఁ, బాగుంది” అనేవాణ్ణి. ఆ మాట అంటున్నప్పుడు దాన్ని స్టార్ట్ చేసి రెండు నెలలై ఉండేది.

2023 వర్షాకాలంలో ఒక రాత్రి పక్కింటివారి అమ్మాయికి నెలలు నిండకుండానే నొప్పులు వచ్చాయి. వర్షం వల్ల ఆటోలు లేవు. అలవాటు చొప్పున మా తలుపు తట్టారు. నేను షెడ్డులోకి పరుగెత్తి తాళం తిప్పితే సెల్ఫ్ కిర్రుమని ఊరుకుంది. బ్యాటరీ ఎప్పుడో చచ్చిపోయింది. పదిమంది కలిసి వానలో, బురదలో ఆ బరువును వీధి చివరిదాకా తోశారు. పలకలేదు. చివరికి ఎవరో పొరుగూరి నుంచి ఆటో తెచ్చారు. దేవుని కృపవలన తల్లీ బిడ్డా క్షేమం. కానీ ఆ రాత్రి తడిసిపోయి వరండాలో కూర్చున్నప్పుడు నాకు పట్టిన సిగ్గు ఇంతా అంతా కాదు. నాన్నగారి గుర్తు అని నేను కాపాడుతున్నది, నాన్నగారు చేసిన ఒక్క పనికీ పనికిరావడం లేదు.

అమ్మేద్దామా అన్న ఆలోచన గట్టిగా వచ్చింది ఆ రాత్రే. కానీ కోపంలో ఉన్నప్పుడు, సిగ్గుపడ్డప్పుడు అమ్మకానికి పెట్టడం మంచిది కాదు. మాకు తెలిసిన ఒక రిటైర్డ్ కాంపౌండరుగారు ఇలాగే ఒకరోజు కిక్కు కొట్టి కొట్టి విసిగిపోయి, తన యెజ్డీ మోటారు సైకిలును అదే వారంలో వచ్చిన ధరకు ఇచ్చేశారు. మైసూరులో దాన్ని తయారుచేసిన ఫ్యాక్టరీ 1996లోనే మూతపడింది, అలాంటిది మళ్లీ కావాలంటే దొరకడం కష్టం. ఇప్పటికీ వీధిలో ఆ ఇంజను శబ్దం వినిపిస్తే ఆయన భోజనం మధ్యలో లేచి గుమ్మంలోకి వస్తారు.

ప్రార్థన చేసుకున్నాను. నాకు ఆకాశం నుంచి స్వరమేమీ వినబడలేదు గాని, తణుకులో నాన్నగారి బండి పాతికేళ్లు చూసిన మేస్త్రి ఒక మాట అన్నారు. “అయ్యగారూ, మీకు కారు మీద విసుగా, రిపేరు మీద విసుగా? ముందది తేల్చుకోండి. రెండూ ఒకటి కాదు.”

ఈ ప్రశ్న మీరు కూడా వేసుకోవాలని నా మనవి. చాలాసార్లు మనకు నచ్చనిది బండి కాదు, దానిలోని ఒక లోపం. బ్రేకు సరిగ్గా పడకపోతే ప్రతి మలుపులో భయం. ఆ భయాన్ని మనం బండి మీద అయిష్టం అనుకుంటాం. కాబట్టి నేను ఆయన చెప్పినట్టే చేశాను. చక్రాల దగ్గర బిగుసుకుపోయిన బ్రేకు సిలిండర్లు మార్పించాను. స్టీరింగు బాక్సు విప్పించి బాగుచేయించాను. గ్రీజు కొట్టించాను. అడుగున మడ్డి పేరుకున్న పెట్రోలు ట్యాంకు కడిగించాను. పెట్రోలు వెళ్లే రబ్బరు గొట్టాలన్నీ తీసి కొత్తవి వేయించాను. ఈ గొట్టాల సంగతి పాత బండ్లు ఉన్నవారు గుర్తుంచుకోవాలి. ఇప్పుడు బంకుల్లో పోసే పెట్రోలులో ఇథనాల్ 20 శాతం వరకు ఉంటోంది. పాతకాలపు రబ్బరు దానికి తట్టుకోదు, ఉబ్బి పగులుతుంది, కారితే నిప్పు ప్రమాదం. కొత్త బ్యాటరీతో కలిపి మొత్తం 31,000 రూపాయలయింది. మా ఆవిడ ఏమీ అనలేదు. అనకపోవడమే అన్నట్టు.

ఆ తరువాత రెండు నెలలపాటు ప్రతి శనివారం తప్పకుండా బయటికి తీశాను. పాలకొల్లు వెళ్లాను, నిడదవోలు వెళ్లాను. కారు చక్కగా నడిచింది. ఒక్కసారి కూడా దారిలో ఆగలేదు. బ్రేకు పడింది, స్టీరింగు తిరిగింది. అయినా ఇంటికి వచ్చి షెడ్డు తలుపు వేసేటప్పుడు, బడి వదిలిన పిల్లవాడికున్నంత సంతోషం. ఇక లోపం బండిలో లేదని తెలిసిపోయింది. చిన్నప్పుడు నాకు ఇష్టమైనది ఆ కారు నడపడం కాదు. గేరు రాడ్డు వేసే ఆయన చెయ్యి చూస్తూ పక్కన కూర్చోవడం. ఆ చోటు ఖాళీ అయ్యాక స్టీరింగు దగ్గర నాకు పనిలేదు.

అప్పుడు ఊళ్లో సలహాలు మొదలయ్యాయి. “ఉంచండి అయ్యగారూ, వింటేజ్ అయితే లక్షలు పలుకుతుంది” అని కొందరు. ఈ విషయం విచారించాను. 2021లో కేంద్ర ప్రభుత్వం చేసిన నిబంధనల ప్రకారం మొదటి రిజిస్ట్రేషన్ నాటి నుంచి 50 ఏళ్లు దాటి, అసలు రూపం చెడకుండా ఉన్న బండే వింటేజ్. దానికి ప్రత్యేక నంబరు, 20,000 రూపాయల రుసుము, పదేళ్ల గడువు. అలా నమోదైన బండిని రోజువారీ పనులకు రోడ్డు మీద తిప్పకూడదు కూడాను. ప్రదర్శనలకు, ర్యాలీలకు, పెట్రోలు పోయించుకోవడానికి, మరమ్మతులకు తీయవచ్చు. మా కారు 1984ది. అంటే 2034 దాకా ఆగాలి. ఇష్టంలేని పెళ్లిలాగా ఇంకో పదేళ్లు!

ధర కోసం ఆగడం ఎంత పని చేస్తుందో చూశాను కూడా. మా బంధువుల ఊళ్లో ఒక కుటుంబం వారు తండ్రి పోయాక ఆయన పద్మినీ కారును చింతచెట్టు కింద పెట్టి, మంచి బేరం వచ్చాక ఇద్దామనుకున్నారు. మొదట టైర్లు కూర్చున్నాయి. తరువాత ఎలుకలు వైర్లు కొరికాయి. రాలిన ఆకులు కుళ్లి, తేమ దిగి, అడుగు రేకు తుప్పు పట్టి చిల్లులు పడింది. వెనుక సీటులో కోడి పొదిగింది. చివరికి పాత ఇనుము కొనేవాడు వచ్చి తూకం వేసుకుని తీసుకుపోయాడు. మన కోస్తా గాలికి రేకు ఎంతకాలం ఆగుతుంది? నడుస్తున్న పాత కారుకు ఒక ధర, తోసి స్టార్ట్ చేయవలసిన కారుకు ఇంకో ధర, కదలని కారుకు కాటా ధర. ఇది గ్రహించాక, ఉన్న కండిషన్‌లోనే ఇచ్చేయాలనుకున్నాను.

ఇంకొందరు, “15 ఏళ్లు దాటిన బండ్లు సర్కారు తుక్కు చేయిస్తుందట” అని భయపెట్టారు. ఆ కట్టడి ఢిల్లీ ప్రాంతం సంగతి. మన దగ్గర సొంత కారుకు 15 ఏళ్లు నిండాక తనిఖీ చేయించి, అయిదేళ్లకోసారి రిజిస్ట్రేషన్ పొడిగించుకోవచ్చు. గ్రీన్ టాక్సు కట్టాలి. అయితే పొడిగింపు రుసుము 2022 ఏప్రిల్‌లో 600 నుంచి 5,000 అయింది. 2025 ఆగస్టులో, 20 ఏళ్లు దాటిన కార్లకు 10,000 చేశారు. మా కారుకు గడువు 2024లో ముగుస్తోంది. పొడిగించి అమ్మితేనే కొనేవారికి ధైర్యం. 5,000 కట్టి పొడిగించాను.

ఇక కష్టమైన భాగం. కారు ఇంకా నాన్నగారి పేరునే ఉంది! యజమాని చనిపోతే 30 రోజుల్లో రవాణా శాఖకు తెలపాలి, మూడు నెలల్లో ఫారం 31 మీద వారసుల పేరుకు మార్చుకోవాలి. నేను నాలుగేళ్లు దాటినా చేయలేదు. ఆలస్యానికి జరిమానా కట్టాను. మరణ ధృవపత్రం, కుటుంబ సభ్యుల ధృవపత్రం, మిగిలిన వారసుల అంగీకారం కావాలన్నారు. అంటే అమ్మ సంతకం, తమ్ముడి సంతకం.

తమ్ముడు హైదరాబాదులో ఉద్యోగం. కారు మాట ఎత్తితే “నాన్నగారి గుర్తు అన్నయ్యా, అమ్మొద్దు” అనేవాడు. నాకు లోపల కోపం. గుర్తు ఇద్దరిదీ, బ్యాటరీ నాదా? అయినా ఆ మాట అనకుండా, “అయితే నువ్వే తీసుకెళ్లరా. రూపాయి ఇవ్వక్కర్లేదు. బాగుచేయించి ఉంచాను” అన్నాను. వారం రోజులు ఫోను లేదు. తరువాత స్వయంగా వచ్చాడు. అపార్టుమెంటులో వాడికున్న చోటు ఒక్క చిన్న కారుకే. షెడ్డులోకి వెళ్లి, ఒంటరిగా ముందు సీటులో చాలాసేపు కూర్చున్నాడు. బయటికి వచ్చి, ఎక్కడ సంతకం పెట్టాలని అడిగాడు.

అమ్మ దగ్గరికి కాగితం తీసుకువెళ్లడానికి నాకు కాళ్లు రాలేదు. ఆమె కళ్లజోడు పెట్టుకుని సంతకం చేసి, “నాకు మొదటినుంచీ ఆ కారు ఎక్కితే కడుపులో తిప్పేదిరా పెద్దాడా. మీ నాన్న నొచ్చుకుంటారని ముప్పై ఏళ్లు చెప్పలేదు” అంది. ముగ్గురం నవ్వాం. నవ్వి కాసేపు ఎవరమూ మాట్లాడలేదు.

అమ్మేముందు రంగు వేయించమని చాలామంది అన్నారు. వేయించకండి. తెలిసి కొనేవాడు కొత్త రంగు చూస్తే కింద ఏం దాచారోనని అనుమానిస్తాడు. నేను డ్రైవరు సీటు కింద తుప్పు పట్టిన చోటు నేనే చూపించాను. ఇద్దరు వచ్చారు. ఒకాయన పదివేలు ఎక్కువ ఇస్తానన్నారు గాని, ఇంజను తీసి డీజిలు ఇంజను పెట్టిస్తానన్నారు. రెండోవాడు రాజమండ్రి కుర్రవాడు. టార్చిలైటు పట్టుకుని గంటసేపు కారు కిందే పడుకున్నాడు. అతనికే ఇచ్చాను. మా ఆవిడ ఆ పదివేల సంగతి ఇప్పటికీ అప్పుడప్పుడు గుర్తుచేస్తుంది, అదీ న్యాయమే.

ఒక జాగ్రత్త. డబ్బు తీసుకుని తాళాలిచ్చి ఊరుకోకండి. ఫారం 29, ఫారం 30 మీద సంతకాలై, ఆర్.సి. కొన్నవారి పేరుకు మారేవరకు వెంటపడండి. రిజిస్ట్రేషన్ ఎవరి పేరున ఉంటే చట్టం దృష్టిలో వారే యజమాని, ప్రమాదం జరిగితే పరిహారం బాధ్యత వారిదేనని 2018లో సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. మా రాజమండ్రి అబ్బాయి మూడు వారాల్లో పేరు మార్చుకుని కాగితం పంపాడు.

ఇప్పుడు షెడ్డులో నా మోటారు సైకిలు, వడ్ల బస్తాలు ఉన్నాయి. నేల మీద ఆయిలు మరక పోలేదు. మొన్న చలికాలంలో తెల్లవారుజామున ఆ అబ్బాయి ఫోను చేశాడు. వాళ్ల పక్కింటావిడను ఆసుపత్రికి తీసుకువెళ్లాలట, చోక్ ఎంత లాగాలని అడిగాడు. సగం లాగి, స్టార్ట్ అయ్యాక మెల్లగా వదలమని చెప్పాను. ఫోనులోనే ఇంజను పలకడం వినిపించింది.