గోడ దాటని వైఫై: మెష్ పరికరాల ఎంపిక, అమరిక

బెంగళూరులో ముప్పై అడుగుల వెడల్పు, నలభై అడుగుల పొడవు గల సైటులో కట్టిన ఇల్లు కొలతలలో చిన్నదే. అయితే కింద ఒక అంతస్తు, పైన రెండంతస్తులు, వాటి మధ్య కాంక్రీటు శ్లాబులు, గదుల మధ్య సిమెంటు దిమ్మెల గోడలు కలిసి వైఫై తరంగాలకు పెద్ద అడ్డంకి అవుతాయి. ఇంటర్నెట్ సంస్థ మనిషి వీధి స్తంభం నుంచి ఫైబర్ తీగ లాగి, ముందుగదిలో టీవీ పక్కన పెట్టె బిగించి వెళ్లిపోతాడు. వెనుక గదిలోని పెద్దలకు ఊరి నుంచి వచ్చిన వీడియో కాల్ మాట మధ్యలోనే ఆగిపోతుంది. మేడమీద ఇంటి నుంచే ఉద్యోగం చేసేవారు ఆఫీసు మీటింగు కోసం ల్యాప్‌టాప్‌తో మెట్ల మీదికి వచ్చి కూర్చుంటారు. దుకాణాలలో ‘మెష్’ పేరుతో అమ్మే పరికరాలు ఇటువంటి అనేక ఇళ్లలో నిజంగానే పనిచేస్తాయి. మరికొన్ని ఇళ్లలో ఆ ఖర్చు వృథా. ఏ ఇల్లు ఏ కోవకు చెందుతుందో కొనకముందే తెలుసుకోవచ్చు.

అందుకు ఒక ఫోను, పది నిమిషాల సమయం చాలు. ఫోనులో మొబైల్ డేటా ఆపివేసి, పెట్టె ఉన్న గదిలోనే నిలబడి, 5 గిగాహెర్ట్జ్ వైఫైకి కలిపి వేగం కొలవాలి. తరువాత ఒక్కొక్క గదిలో అదే పని చేసి అంకెలు కాగితం మీద రాసుకోవాలి. 100 ఎంబీపీఎస్ పథకంలో పెట్టె దగ్గర 90 వచ్చి, పడకగదిలో 5 వస్తే లోపం గోడలది, మెష్ ఉపయోగపడుతుంది. పెట్టె పక్కనే 15 వస్తుంటే, ల్యాన్ తీగతో కంప్యూటరుకు నేరుగా కలిపి మరొకసారి చూడాలి. అప్పుడూ అంతే వస్తే లోపం కనెక్షన్‌ది. ఎన్ని మెష్ పరికరాలు కొన్నా బయటి నుంచి రాని వేగాన్ని అవి పుట్టించలేవు. అప్పుడు చేయవలసింది సంస్థకు ఫిర్యాదు. ట్రాయ్ 2012లో చేసిన నిబంధనల ప్రకారం ప్రతి ఫిర్యాదుకూ డాకెట్ నంబరు ఇవ్వవలసి ఉంటుంది. పరిష్కారం తృప్తికరంగా లేకపోతే ఆ సంస్థలోని అప్పీలు అధికారికి రుసుము లేకుండా నివేదించుకోవచ్చు. కాగితం మీది అంకెలు అక్కడా పనికివస్తాయి.

లోపం గోడలదే అయినప్పటికీ, మొదటి మందు మెష్ కాదు. పెట్టెను ముందుగది మూల నుంచి ఇంటి నడుమకు మార్చడం అన్నింటికంటే చౌక. రెండు గదుల ఇంటికి చాలాసార్లు అంతకుమించి అవసరం ఉండదు. పెట్టెను టీవీ వెనుకనో, అటక మీదనో, ఇనుప బీరువా పక్కనో పెట్టడం సాధారణంగా కనిపించే అలవాటు. ఇనుము తరంగాలను తిప్పికొడుతుంది. చేపల తొట్టిలోని నీరు వాటిని పీల్చుకుంటుంది. అద్దం వెనుకనున్న పల్చని లోహపు పూత కూడా అడ్డమే.

ఇక మెష్ అంటే, రెండు మూడు పరికరాలు ఒకే పేరుతో, ఒకే పాస్‌వర్డ్‌తో ఇల్లంతా వైఫై ప్రసారం చేసే ఏర్పాటు. చౌకగా దొరికే ఎక్స్‌టెండర్‌లు తరచుగా వేరే పేరుతో రెండో నెట్‌వర్క్‌ను సృష్టిస్తాయి. గది మారినప్పుడల్లా మనిషే ఫోనులో పేరు మార్చుకోవాలి. మెష్‌లో ఫోను తనంతట తానే దగ్గరి పరికరానికి మారుతుంది. అయితే ఎప్పుడు మారాలన్న తుది నిర్ణయం ఫోనుదే. అందుకే పాత ఫోనులు కొన్ని దూరపు పరికరాన్నే పట్టుకుని వేలాడతాయి.

కొనేటప్పుడు దుకాణదారు చెప్పని ముఖ్య విషయం ఒకటి ఉంది. ప్రధాన పరికరానికీ రెండో పరికరానికీ మధ్య సమాచారం ఏ దారిన నడుస్తుంది? రెండు బ్యాండ్‌ల రకంలో ఫోనుతో మాట్లాడే తరంగాలే ఈ పనీ చేయాలి గనుక రెండో పరికరం దగ్గర వేగం సుమారు సగానికి పడిపోతుంది. మూడు బ్యాండ్‌ల రకంలో ఈ దారికి ఒక బ్యాండ్‌ను ప్రత్యేకించవచ్చు, కాని ధర ఎక్కువ. వీటన్నింటికంటే మేలైనది తీగ. రెండు పరికరాలనూ ల్యాన్ తీగతో కలిపితే చౌక రకం కూడా శ్లాబు దాటి పూర్తి వేగం ఇస్తుంది. పెట్టె మీద వేలల్లో రాసిన వేగం చూసి మురిసిపోవడం కంటే, వెనుక ఉన్న పోర్టులు గిగాబిట్ రకమేనా అని అడగడం మంచిది. కొన్ని చౌక పరికరాల పోర్టులు 100 ఎంబీపీఎస్ దగ్గరే ఆగిపోతాయి. మూడు పరికరాల ప్యాక్ తక్కువ ధరకు వస్తోందని కొననక్కరలేదు. ఒకే అంతస్తులోని ఫ్లాటుకు సాధారణంగా రెండు చాలు. అమెరికా నుంచి బంధువులు తెచ్చే పరికరాలకు ప్లగ్గు కుదరకపోవచ్చు, వారంటీ ఇక్కడ చెల్లకపోవచ్చు. తెచ్చినవారి మనసు నొప్పించకుండా ముందే చెప్పడం ఉభయులకూ క్షేమం.

అద్దె ఇంట్లో తీగ మాట ఎత్తితే గోడకు రంధ్రం, అడ్వాన్సులో కోత గుర్తుకొస్తాయి. చాలా ఇళ్లలో పాత టెలిఫోను తీగకో, కేబుల్ టీవీకో గోడలో వేసిన గొట్టం ఖాళీగా ఉంటుంది. యజమాని అనుమతితో అందులో నుంచి క్యాట్ 6 తీగ లాగవచ్చు. కరెంటు తీగలు పోయే గొట్టంలో మాత్రం ఎన్నటికీ లాగకూడదు; అది ప్రాణాపాయం. గొట్టం లేకపోతే బల్లపరుపు తీగను గోడ అడుగున, తలుపు చట్రం వెంట అతికించుకుని, ఇల్లు మారేటప్పుడు విప్పి తీసుకుపోవచ్చు. మెష్ పరికరాలు కొన్నవారివే. ఫైబర్ పెట్టె సంస్థదైతే దానిని తిరిగి అప్పగించి రసీదు తీసుకోవాలి.

తీగ లేకుండా అమర్చేవారు తరచుగా ఒకే పొరపాటు చేస్తారు: సిగ్నల్ అందని గదిలోనే రెండో పరికరాన్ని పెడతారు. తనకే అందనిది అది ఇతరులకు ఇవ్వలేదు. దానిని సగం దూరంలో, సిగ్నల్ ఇంకా బలంగా ఉన్న చోట ఉంచాలి. మేడ ఇళ్లలో మెట్ల మలుపు మంచి స్థానం. మెట్ల దగ్గర శ్లాబు తెరిచి ఉంటుంది గనుక తరంగాలు ఆ దారిన పైకి పోగలవు. తరువాత ఒకటి రెండు అడుగులు అటూ ఇటూ జరుపుతూ, మొదట రాసుకున్న అంకెలతో పోల్చుకోవాలి.

సంస్థ ఇచ్చిన పెట్టె కూడా రౌటరే. దాని వెనుక మెష్‌ను మరో రౌటరుగా నడిపితే రెండూ వేర్వేరుగా చిరునామాలు పంచిపెడతాయి. అప్పుడు సీసీ కెమెరా, ఆఫీసు వీపీఎన్ మొరాయించవచ్చు. మెష్‌ను యాక్సెస్ పాయింట్ మోడ్‌లో ఉంచడం తేలిక. లేదా పెట్టెను బ్రిడ్జ్ మోడ్‌కు మార్చమని సంస్థను కోరవచ్చు. అప్పుడు కనెక్షన్ యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ కూడా అడిగి రాసుకోవాలి. పాత పెట్టె వైఫైని ఆపివేయకపోతే ఫోనులు దానినే పట్టుకుంటాయి.

పాస్‌వర్డ్ విషయంలో మొహమాటం పనికిరాదు. 2008 జులైలో అహ్మదాబాద్ పేలుళ్లకు ముందు వార్తాసంస్థలకు వెళ్లిన ఈ-మెయిల్ నవీ ముంబైలోని ఒక ఇంటి భద్రతలేని వైఫై ద్వారా వెళ్లింది. దర్యాప్తు మొదట ఆ ఇంటి తలుపే తట్టింది. కనెక్షన్ ఎవరి పేరున ఉంటే మొదటి ప్రశ్న వారికే ఎదురవుతుంది. అందుచేత డబ్ల్యూపీఏ2 లేదా డబ్ల్యూపీఏ3 ఎంచుకుని, పరికరంతో వచ్చిన అడ్మిన్ పాస్‌వర్డ్‌ను తొలిరోజే మార్చాలి. వచ్చిపోయే చుట్టాలకు గెస్ట్ నెట్‌వర్క్ వేరుగా పెట్టాలి. పై అంతస్తు అద్దెవారితో ఒకే కనెక్షన్ పంచుకోవడం చవకగా తోచినా, బాధ్యత మాత్రం పంచుకోబడదు.

చివరగా కరెంటు. ఇన్వర్టరు లైన్ ముందుగదికి మాత్రమే ఉంటే, కోత సమయంలో ప్రధాన పెట్టె వెలుగుతూనే ఉంటుంది, మెట్ల మలుపులోని మెష్ ఆరిపోతుంది. ఇటువంటి పరికరాలు చాలావరకు 12 వోల్టులతో నడుస్తాయి. వాటికి చిన్న యూపీఎస్‌లు దొరుకుతాయి. అడాప్టరు మీద రాసిన వోల్టులు, ఆంపియర్లు సరిపోయేదే కొనాలి.